నాలుగో కిటికీ

(పదకొండో భాగం)

పోయినవారం హీబాను మనం ఎక్కడ వదిలామో గుర్తుందా? సిద్దిపేట పాత బస్టాండు వెనకవీధిలో తన నెట్ సెంటర్ షట్టర్‌ను సగం ఎత్తి, ఎవరో తట్టిన చప్పుడుకు వంగి చూసింది. రెండు కాళ్లు కనిపించాయి. ఒకటి తిన్నగా ఉంది, ఒకటి కొంచెం పక్కకు తిరిగి ఉంది. అంతటితో ఆపేశాను. కాళ్లు చూపించి వారం రోజులు ఆపడం ఏం మర్యాద అని ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. తప్పే. ఈ వారం మనిషి మొత్తాన్ని చూపిస్తాను.

ఆ కాళ్లు చంద్లాపూర్ మైసయ్యవి. కల్లు గీసే మనిషి. ఒకప్పుడు గీసేవాడు అనాలి నిజానికి. మొన్న ఎండాకాలంలో, పెద్దతాడు అని పిలిచే తాటిచెట్టు మీద నుంచి జారిపడితే కుడికాలు విరిగింది. అతికిందే కాని వంకరగా అతికింది. ఇక చెట్టు మాట మరిచిపొమ్మన్నారు దవాఖానలో. చెట్టెక్కేటప్పుడు నడుముకు బిగించే తన మోకు తీసుకెళ్లి, సాటి గీత మనిషి పోశయ్య చేతిలో పెట్టి వచ్చాడు.

పడ్డ సంగతి కొడుకు శ్రావణ్‌కు తెలియదు. అప్పటికే అతను ఇంట్లో లేడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు వదిలేసి తెలంగాణ ఉద్యమంలో తిరిగాడు, మార్చి నెల రాస్తారోకోలో కేసయింది. ఆ రోజు మైసయ్యకు భయమేసింది. మగవాళ్లకు భయమేస్తే ఏం చేస్తారో మీకు తెలుసు, కోప్పడతారు. "నా గడప తొక్కకు" అన్నాడు. కొడుకు తొక్కలేదు. అతని ఫోన్ పనిచేయడం మానేసింది. ఇప్పుడిది రెండువేల పదకొండు అక్టోబరు, ఏడో నెల. ఉద్యమం కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు పేపర్లో వస్తున్నాయి. మైసయ్యకు చదువు రాదు. రోజూ పొద్దున హోటల్ దగ్గర ఎవరినో బతిమాలి పేపర్లో పేర్లు చదివించుకుంటాడు. తన కొడుకు పేరు లేదని తెలిశాకే చాయ్ ముట్టుకుంటాడు.

అతన్ని రమ్మని కబురు పంపింది హీబాయే.

"ఎట్లొచ్చినవ్ చాచా? బస్సులు లేవు కద" అంది, కుర్చీ జరుపుతూ.

"ధర్నాకు ట్రాక్టర్ పోతుంటె ఎక్కిన. సమ్మెల బస్సులు యాడియి." మైసయ్య కూర్చోలేదు. "మంచిదా, చెడ్డదా? ముందు గది చెప్పు బిడ్డా. తర్వాత కూసుంట."

"రెండూ కాదు చాచా. ఒక చీటీ సంగతి."

చీటీ అన్న మాటకు, పేపర్లో పిల్లలు చనిపోతూ రాసిన చీటీలు గుర్తొచ్చి గోడ పట్టుకున్నాడు. హీబా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది.

ఇదే గదిలో సాయంత్రాలు నలుగురు కూర్చుని కంప్యూటర్లలో ఒక ఆట ఆడేవారు. హీబా, ఆమె తమ్ముడు అర్హాన్, స్నేహితులు వినీత, శ్రావణ్. ఆట పేరు నాలుగు దీపాల కోట. నలుగురూ కలిసి కట్టుకున్న కోట అది. లోపల సందూక అని ఒక పెట్టె ఉంటుంది. నలుగురూ ఒకేసారి లోపల ఉండి తలా ఒక దీపం వెలిగిస్తేనే దాని మూత లేస్తుంది. ఒకరు తక్కువైనా లేవదు. మార్చిలో, ఇల్లు వదిలిన సాయంత్రం, ఆట ముగించి లేస్తూ శ్రావణ్ అన్నాడు. "బాపుకు చీటీ రాసి సందూకల పెట్టిన హీబా. కోపం తగ్గినంక నలుగురం తీసి ఇద్దాం." కాగితం మీద రాసి తలుపు సందులోంచి వేయొచ్చు కదా అని మీరంటారు. ఇరవై రెండేళ్ల పిల్లాడికి అంత తేలికైన దారి తోస్తే ఈ నవల పదకొండు వారాలు నడిచేది కాదు.

"ఆ ఆటను ఇయ్యాల పగటి పన్నెండింటికి ఎత్తేస్తున్నరు చాచా. కంపెనోళ్లు మెయిల్ పెట్టిన్రు. కోట పోతది, సందూక పోతది."

"గిప్పుడు టైమెంత?"

"పదకొండూ పది."

అర్హాన్ కోహెడలో, వినీత జగదేవ్‌పూర్‌లో చిక్కుకుపోయారు. రావడానికి బస్సుల్లేవు, అక్కడ నెట్ లేదు. ఇద్దరూ తమ పాస్‌వర్డులు ఫోన్లో చెప్పారు. గోటిచుట్టు మీద రోకటిపోటులా పదింటికి కరెంటు పోయింది. ఉన్న ఎనిమిది కంప్యూటర్లలో పాత ఇన్వర్టర్ మోయగలిగేది ఒక్కదాన్నే. అంటే నలుగురు ఆడే ఆటను ఒక్క కంప్యూటర్ మీద నాలుగు కిటికీలుగా తెరవాలి.

మొదటి కిటికీ తన పేరు మీద తెరిచింది. హాయిగా తెరుచుకుంది. రెండోది అర్హాన్‌ది. బొమ్మ కొంచెం బద్ధకంగా కదిలింది. మూడోది వినీతది తెరవగానే కంప్యూటర్ లోపలి ఫ్యాన్ రొద మొదలుపెట్టింది. చేయి కదిపిన తర్వాత ఎప్పటికో బాణం గుర్తు కదులుతోంది. అర నిమిషం పాటు కంప్యూటర్ నుంచి జవాబు అందకపోతే కోట ఆ మనిషిని బయటికి నెట్టేస్తుంది. వినీతను నెట్టేసింది. మళ్లీ తెరిస్తే ఈసారి అర్హాన్‌ను నెట్టింది.

హీబా తనకు తెలిసినవన్నీ చేసింది. చప్పుడు ఆపింది. కిటికీలను చిన్నవి చేసింది. కోటలోని నీడలు, నీళ్ల మీద మెరుపులు, చెట్ల ఆకులు అన్నీ తీసేసింది. వెనక నడుస్తున్న వైరస్ కాపలాను కూడా కాసేపు పడుకోమంది. కోట బోడిగా తయారైంది కాని నడక మాత్రం పెద్దగా మారలేదు.

పరదా వెనక ఇంట్లోంచి ఆమె తల్లి రబియాబీ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. తెర వంక చూసి నిట్టూర్చింది. "ఒక ఒరల రెండు కత్తులే ఇమడయంటరు. నువ్వు నాలుగు దూరుస్తున్నవ్. అన్నా, నువ్వన్న చాయ్ తాగు."

మైసయ్య చాయ్ ముట్టుకోలేదు. "గిది ఎందుకు ఆగుతుంది బిడ్డా?"

"దీనికి బలం తక్కువ చాచా. ఉన్నదాన్ని అందరికీ సమానం పంచుతున్న. ఎవ్వరికీ సాలుతలేదు."

"సమానం ఎందుకు పంచుతవ్?" అన్నాడు మైసయ్య. ఏడు నెలల్లో అతని ముఖంలో నవ్వులాంటిది రావడం అదే మొదలేమో. "నేను పొద్దుగాల పదిహేను తాళ్లు ఎక్కేటోన్ని. ఒక్కన్నే. పదిహేనింటి మీద ఒక్కపారి ఉంటనా? ఎక్కిన చెట్టు మీదనే పానం పెట్టాలె. మిగిలినయి లొట్టి కుండ కట్టి ఇడిచిపెడితె సుక్క సుక్క వాటంతట అవే పారుతయి. ఎండిపోకుంట చూసుకోవాలె, గంతే."

హీబా చేయి ఆగింది. ఆటలో ఒక లెక్క ఉంటుంది, బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారాలన్నది. అన్ని కిటికీలకూ ముప్పై ముప్పై పెట్టుకుని కూర్చుంది తను. ఎవరూ చూడని కిటికీలో బొమ్మ ముప్పైసార్లు మారితే ఎవరికి లాభం? వెనకున్న కిటికీలకు ఐదు పెట్టి కిందికి దించేసింది. ఎదురుగా ఉన్నదానికి మాత్రం ముప్పై ఉంచి, ముందు దీని పనే చూడమని కంప్యూటర్‌కు చెప్పింది. ఫ్యాన్ రొద తగ్గింది. కిందికి దించిన కిటికీలు చుక్క చుక్కగా బతికే ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని పైకి తెచ్చి దీపం వెలిగించి, దించి, ఇంకొకదాన్ని తెచ్చింది. మూడు దీపాలు వెలిగాయి.

"పారుతున్నయి చాచా!" అంది చిన్నపిల్లలా.

"మరి. చెట్లకు ఎరుకే, నీకే ఎరుక లేకుండె."

పదకొండు ముప్పై ఎనిమిది. ఇక మిగిలింది నాలుగో కిటికీ. శ్రావణ్‌ది.

పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పయితే రోజంతా తలుపు తెరుచుకోదు. పొద్దున్నే హీబా ఒకసారి ప్రయత్నించి చూసింది. జై తెలంగాణ అని కొట్టింది. ఆ రోజుల్లో సిద్దిపేటలో సగం మంది పాస్‌వర్డ్ అదే, అందుకే శ్రావణ్ అది పెట్టుకోలేదు. తప్పయ్యాక కింద ఒక గుర్తుమాట వచ్చింది. మరిచిపోతే గుర్తు రావడానికి అతనే రాసుకున్న ప్రశ్న. మైసయ్యను పిలిపించింది అందుకే.

హీబా చదివి వినిపించింది. "చెట్టు మీదికెళ్లి బాపు ఏమంటడు?"

మైసయ్య భుజం మీది రుమాలు తీసి ఒళ్లో పెట్టుకుని మడతలు పెట్టాడు, విప్పాడు. దూరంగా ధర్నా శిబిరంలో డప్పు మోగుతోంది.

"వాడు గింతున్నప్పుడు నా ఎంబడి వచ్చేటోడు. నాలుగైదేండ్లుంటయి. నేను చెట్టు మీద, వాడు చెట్టు మొదట్ల. మట్టల నడుమ నేను కానరాకపోతె భయం వానికి. 'బాపూ, ఏం కానొస్తుంది?' అని ఒర్లేటోడు. చెరువు కానొస్తుందిరా అంటె ఊకోడు. ఇంకేం అంటడు. గుట్ట కానొస్తుందిరా. ఇంకేం? బస్సు పోతుందిరా. ఇంకేం?" రుమాలు మళ్లీ మడిచాడు. "ఆఖరుకు, నువ్వే కానొస్తున్నవ్ కొడుకా అంటె, గప్పుడు ఊకునేటోడు. మల్ల అడగకపోయేటోడు."

హీబాకు కళ్లు నిండాయి. తుడుచుకునే తీరిక లేదు. గబగబా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టింది, మీట నొక్కింది.

తప్పు.

"అరె! నువ్వే కనపడుతున్నావు కుమారా. గిదే కద చాచా నువ్వన్నది?"

మైసయ్య ఆమె వైపు వింతగా చూశాడు. "గది ఎవల మాట?"

"అదే మాట చాచా. జర మంచిగ రాసిన."

"మంచిగ ఎందుకు రాసినవ్? నా జల్మల నేనెన్నడు గట్లనలే. నా నోట్లెకెళ్లి ఎట్లొచ్చిందో గట్ల రాయి బిడ్డా."

హీబా ముఖం ఎర్రబడింది. ఇంట్లో వాళ్లది ఉర్దూ. తెలుగు రాత ఆమెకు బడిలో వచ్చింది. కానొస్తది అని రాసిన ప్రతిసారీ సుమిత్రమ్మ టీచర్ ఎర్రసిరాతో గీత గీసి, పక్కన కనపడుతుంది అని రాసేది. ఆ గీత చేతికి పట్టుకుని ఇప్పటికీ వదల్లేదు. బయట రోడ్డు మీద నెల రోజులుగా జనం మా మాట మాకు కావాలని గొంతులు చించుకుంటున్నారు. తనూ రెండుసార్లు వెళ్లి ఆ శిబిరంలో కూర్చుంది. ఇక్కడికొచ్చి ఒక తండ్రి మాటను దిద్దింది. ఆ దిద్దుబాటుకు ఉన్న మూడింటిలో రెండో అవకాశం పోయింది.

"మాఫ్ చెయ్ చాచా."

"గదేం లేదు. రాయి."

"ఆఖర్న కొడుకా అని కూడ పెట్టాల్నా?"

"గది లేకుంటె ఒట్టి మాటే కద" అన్నాడు మైసయ్య.

నువ్వే కానొస్తున్నవ్ కొడుకా. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ కొట్టింది. రబియాబీ పరదా పట్టుకుని నిలబడిపోయింది. పదకొండు నలభై ఎనిమిది. హీబా మీట నొక్కింది.

తప్పు అని రాలేదు. కోట తలుపూ తెరుచుకోలేదు. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చింది. హీబా దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఏమైంది? మల్ల తప్పాయె?"

"కాదు చాచా. పాస్‌వర్డ్ కరెక్టే. కని... ఈ పేరు మీద ఇంకో జాగల ఒకరు లోపలున్నరట. వాళ్లను దించేసి ఇక్కడ తెరవాల్నా అని అడుగుతుంది."

"అంటె?"

"అంటె ఎవరో శ్రావణ్ పేరు మీద గీ నిమిషం ఆడుతున్నరు."

"ఎవరో అంటవేంది!" మైసయ్య లేచి నిలబడ్డాడు. వంకరకాలు బల్లకు తగిలి చాయ్ సగం ఒలికింది. "గా మాట వానికి, నాకు తప్ప ఎవలకెరుక? వాడే. ఉన్నడు. నా కొడుకు ఉన్నడు."

హీబా అతన్ని కూర్చోబెట్టలేదు. పెట్టెలో ఉన్న రెండు మీటలు చూపించింది. "చాచా, ఇను. అవును అని నొక్కితె నాలుగో దీపం మనమే వెలిగిస్తం. సందూక తెరుస్తం. చీటీ దొరుకుతది. కని వాడు బయట పడుతడు. వద్దని నొక్కితె వాడు లోపల ఉంటడు. దీపం వాడే వెలిగియ్యాలె. వెలిగిస్తడో లేదో."

"వద్దు. వద్దు బిడ్డా. చెట్టు మీదున్నోన్ని కిందికెళ్లి గుంజొద్దు."

హీబా వద్దని నొక్కింది. తన కిటికీని పైకి తెచ్చి, కంప్యూటర్ బలమంతా దానికే ఇచ్చి కోటంతా వెతికింది. గోడ చివరన, బురుజు మీద, పచ్చ రుమాలు కట్టుకున్న శ్రావణ్ బొమ్మ బయటికి చూస్తూ నిలబడి ఉంది. ఏడు నెలలుగా ఖాళీగా ఉన్న బురుజు. కోట ఈ రోజు పోతుందన్న మెయిల్ అతనికీ వచ్చి ఉంటుంది. చివరిసారి చూసుకోవడానికి వచ్చి ఉంటాడు.

శ్రావణ్, నేను హీబా, బాపు నా పక్కన ఉన్నడు అని కొట్టింది. బొమ్మ కదలలేదు. కేసున్న పిల్లాడు. ఎవరు ఏ పేరుతో పిలుస్తారో ఏం నమ్మకం? ఒక నిమిషం గడిచింది. ఇంకొకటి గడిచింది.

"నా మాట కొట్టు" అన్నాడు మైసయ్య.

ఈసారి హీబా దిద్దలేదు. నువ్వే కానొస్తున్నవ్ కొడుకా.

పచ్చ రుమాలు ఇటు తిరిగింది. బురుజు మెట్లు దిగింది. నేరుగా నాలుగో దీపం దగ్గరికి నడిచి, అలవాటు కొద్దీ దాన్ని వెలిగించింది. తర్వాత తెర కింద ఒక మాట వచ్చింది.

"ఏమన్నడు? ఏమన్నడు బిడ్డా?"

"బాపూ అన్నడు."

"ఇంకేం?"

"గంతే. బాపూ అన్నడు."

"మల్లొక్కపారి సదువు."

చదివింది. మళ్లీ చదవమన్నాడు. నాలుగుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కూర్చుని, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు. రోజూ పేపర్లో పేర్లు చదివించుకునే మనిషికి ఈ రోజు దొరికింది పేరు కూడా కాదు, పిలుపు. రబియాబీ అతని వీపు మీద చేయి వేసి, "ఊకో అన్నా, ఊకో. అల్లా సల్లగ చూసిండు" అంటూ తనూ ఏడ్చింది.

"చాచా, నాలుగు దీపాలు ఎలిగినయి. సందూక తెరవాల్నా?"

"మనిషే కానొచ్చినంక చీటీ ఎందుకు?" మైసయ్య చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో నాలుగు జమ్మి ఆకులు, ఎండి రంగు మారినవి. దసరా నాడు కొడుకు తెచ్చి తండ్రి చేతిలో పెట్టి కాళ్లు మొక్కాల్సిన బంగారం. ఈసారి తండ్రే కోసి దాచాడు. వాటిని తెర ముందుకు పట్టుకున్నాడు. "గివి వానికి కానొస్తయా?"

"కానరావు చాచా. నేను చెప్త."

బాపు నీ కోసం బంగారం దాచిండు అని కొట్టింది. గడియారంలో పదకొండు యాభై ఏడు. అప్పుడు అటు నుంచి పొడవాటి మాట ఒకటి వచ్చింది. హీబా చదవడం మొదలుపెట్టింది.

"బాపూ, ఎల్లుండి దూరం పోతున్న. మల్ల ఎప్పుడొస్తనో తెల్వది. నువ్వు వద్దన్న గడప, నువ్వు పిలువంది తొక్కను. కని నిన్ను ఒక్కపారి చూసి పోత. రేపు పొద్దుగాల నువ్వు పెద్దతాడు ఎక్కినంక గుట్ట దిక్కు చూడు. నేను కానొస్త. నీ కోపం పోతె రుమాలు ఊపు. దిగి ఇంటికొస్త. ఊపకుంటె..."

చదువుతున్న గొంతు ఆగిపోయింది. హీబా అతని కాలి వంక చూసింది. మిగిలిన ముక్క చదవకుండానే చేతులు మీటల మీదికి వెళ్లాయి.

"ఏం రాస్తున్నవ్?"

"నీ కాలు సంగతి చాచా. నువ్వు పడ్డ సంగతి."

"గది వద్దు! పరాయి జాగల ఉన్నోనికి గా ముచ్చట ఎందుకు? ముందు ఇంటికి రా అను. గది రాయి!"

రాసిన సగం తుడిపేసింది. ఇంటికి రా కొడుకా అని కొట్టి మీట నొక్కింది. కంప్యూటర్ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ మాట తెర మీదికి ఎక్కేలోపే మొదటి దీపం ఆరింది, రెండోది, మూడోది. పచ్చ రుమాలు పక్కన ఉన్న నాలుగోది ఆఖరున ఆరింది. కోట లేదు. సెలవు అని రాసి ఉన్న తెల్లటి తెర మిగిలింది.

"పోయిందా నా మాట? వానికి అందిందా?"

"తెల్వది చాచా" అంది హీబా. అబద్ధం చెప్పాలనిపించింది కాని నోరు రాలేదు.

రబియాబీయే ముందు తేరుకుంది. "అన్నా, పోశయ్యను ఎక్కియ్యి. రుమాలు ఊపుడే కద. దూరంకెళ్లి ఎవరైతేంది?"

"నా ఎక్కుడు వానికెరుక చెల్లె. నడుం చూసి గుర్తు పడుతడు. నా చెట్టు మీద ఇంకోన్ని చూస్తె నేను సచ్చిన్ననుకుంటడు."

"అయితె నేనే గుట్ట కాడికి పోత" అంది హీబా.

"కేసున్నోడు. మనిషి అలికిడైతె దిగి పోతడు బిడ్డా. వానికి కానరావాల్సింది నేను. కింద నిలబడితె గుట్ట మీదికి కానరాను."

ఆకులు నాలుగూ ఒక్కొక్కటిగా ఏరి పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు. ఏడు నెలల్లో పేర్లు చదివించుకోకుండా తాగిన మొదటి చాయ్ అది. షట్టర్ కింది నుంచి వంగి బయటికి వెళ్లాడు. నెట్ సెంటర్‌కు మూడు మెట్లు. గోడ పట్టుకుని ఒకటి దిగాడు, రెండోది దిగాడు. మూడో మెట్టు మీద ఆగి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని పళ్లు బిగించాడు.

హీబా పరుగున వచ్చి భుజం అందించింది. మైసయ్య ఆ భుజం మీద చేయి వేసి, ఊరి దారి వంక చూశాడు.

"బిడ్డా, పోశయ్య ఇంటి దిక్కు ఏమన్న బండి పోతదేమో చూడు. నా మోకు తెచ్చుకోవాలె."